గంజి లాంటిదే

చండూరు బస్టాండు ఎనక, ఎరువుల దుకాణం మీద
మెట్లెక్కితే నా పార్లరు.
యూరియా వాసన, ఫేషియల్ క్రీము వాసన
కలిసి ఒక మూడో వాసన.
పదేండ్ల సంది నా చీరెలన్నిట్ల అదే.

నీలవేణి కుర్చీల కూసుంది. పెండ్లి బేస్తారం.
ఇయ్యాల ఉత్తగ ఏసి చూసుకుందామని వచ్చింది.
కండ్లకు గీత గీయబోతుంటే చెయ్యి పట్టి ఆపింది.
"అక్కా, గిండ్ల ఏముంటది?"

ఎంత అని అడిగిన్రు.
ఎన్ని గంటలుంటది అని అడిగిన్రు.
ఏడిస్తే పోతదా అని అడిగిన్రు.
ఏముంటది అని ఇంతవరకు ఎవ్వరు అడగలే.

సీసా తిప్పి చూసిన.
చీమలు బారు కట్టినట్టు అక్షరాలు.
ఫోన్ల ఫొటో తీసి, ఏళ్లతోని సాగదీసి
కూడబలుక్కుంట చదివిన:
పా-లీ-వి-నైల్ పై-రో-లి-డోన్.
"మా ఆడిబిడ్డ పేరు కంటె పొడుగున్నది"
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వింది.

శంకరలింగానికి ఫోన్ కొట్టిన.
మా చిన్నాయన కొడుకు, జడ్చర్ల కాడ మందుల కంపెనీల
రాత్రి డ్యూటీ. నిద్ర గొంతుతోనే చెప్పిండు:
"అదా? మేం బస్తాలకు బస్తాలు పోస్తం.
గోలీ పిండి పిండి కాకుండ పట్టి ఉంచేది గదే.
మొన్న నువ్వు మింగిన జరం గోలీల గూడ ఉండొచ్చు.
పెద్ద అణువక్కా, తోలు దాటి పోవుడు దానితోని కాదు.
పైన్నే పొరలెక్క ఆరి కూసుంటది, కడిగితే పోతది.
గని జుట్టుకు స్ప్రే కొట్టేటప్పుడు కిటికి తెరువు.
అది సింగారమని
ఊపిరితిత్తులకు ఏం తెలుసు?"

పొర.

ఆ మాట ఇన్నంక నాయిన యాదికొచ్చిండు.
తెల్లారగట్ల బజారు పొడుగు పడుగు సాగదీసి
గంజి పట్టించి కుంచెతోని దువ్వేటోడు.
అమ్మ ఆ కొసకు, నేను ఈ కొసకు.
పొద్దెక్కి ఎండ ముదరకముందే ఆరాలె,
పోగుకు పోగు అంటుకోవద్దు.
"గంజి దారం కాదు బిడ్డా, దారానికి ధైర్యం" అనేటోడు.
మగ్గం మీద అన్ని దెబ్బలు అదే కాసేది.
మొదటి ఉతుకుల నీళ్లల్ల కలిసి పోయేది.
చీరెను మెచ్చుకున్నరు గని
గంజిని ఎవ్వరు మెచ్చుకోలే.

"గంజి లాంటిదే" అన్న నీలవేణితోని.
"ఎక్కడో ఒకరికి పడకపోవచ్చు, దురద రావొచ్చు.
చెవెనక చుక్క పెడత, రేపటిదాక చూడు."
తల ఒంచింది. చుక్క పెట్టిన.
ఆరేదాక ఇద్దరం ఫ్యాను కిందనే కూసున్నం.

అప్పుడు చెప్పింది, అద్దంల చూసుకుంటనే:
"మాది మర్రిగూడ దిక్కు.
మా బోరింగు మీద ఏం రాసి లేకుండె అక్కా.
చల్లగుండె, తియ్యగుండె, తాగినం.
తాత నడుము వంగినంక ఎవరో వచ్చి
బోరింగుకు ఎర్ర రంగేసి పోయిన్రు."
చెయ్యి తీసి పండ్లు చూపించింది.
గోధుమ రంగు చారలు,
తడిసి ఎండిన మట్టిగోడ మీది లెక్క.
"ఇవి కడిగితే పోవు.
గందుకే అడుగుతున్న."

నేనేం అనలే. ఏమనాలె?
సీసాను మల్లొకసారి చదివిన, అంతే.

బేస్తారం చెవెనక ఏం లేదు, సాఫుగున్నది.
గీత గీసిన. ఎడమ కన్ను కాడ జరంత వంకరపోయింది,
దూదితోని తుడిచి మల్ల గీసిన.

ఆమె పోయినంక డ్రాయరు బోర్లించిన.
కోఠిల హోల్‌సేల్ కొన్న సీసాలు మూడు,
బంగారు మూత, పూల బొమ్మ,
లోపల ఏమున్నదో ఒక్క అక్షరం లేదు.
ఒక్కోటి నూటెనభై.
రెండు పారేసిన.
మూడోది ఇంక డ్రాయర్లనే ఉన్నది.
కిటికి మాత్రం తెరిచే పెడుతున్న,
యూరియా వాసన వస్తే రానీ అని.